గ్లాసు ముందు, గోళీ తరువాత



ఇంటర్మీడియట్‌లో సైన్సు గ్రూపు తీసుకున్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే, వారి భౌతిక శాస్త్రము పుస్తకములో ఇటువంటి లెక్క ఒకటి మీకు కనబడుతుంది. బల్ల మీద దొర్లుతున్న గుండు ఒకటి అంచు దాటి క్రింద పడినది. బల్ల ఎత్తు ఇంత, గుండు వేగము ఇంత. అది ఎంత దూరములో నేలను తాకుతుంది? పిల్లవాడు సూత్రము వ్రాస్తాడు, అంకెలు వేస్తాడు, జవాబు క్రింద రెండు గీతలు గీస్తాడు. మార్కులు వస్తాయి. అయితే గుండు ఎక్కడా పడలేదు. అక్కడ గుండూ లేదు, బల్లా లేదు.

ఇదే లెక్కను నిజమైన గుండుతో, నిజమైన బల్ల మీద చేయించే ఉపాధ్యాయులు ఉన్నారు. అనేక దేశాల పాఠశాలల్లో ఇది బాగా తెలిసిన ప్రయోగము. దాని నియమము చాలా చిన్నది. పిల్లలు కొలతలన్నీ తీసుకోవచ్చును. ఎన్నిసార్లయినా లెక్క కట్టవచ్చును. కాని గుండును మాత్రము బల్ల అంచు దాటి పడనివ్వకూడదు. ప్రతిసారి అంచు దగ్గర చేయి పెట్టి పట్టుకోవాలి. లెక్క ముగిసిన తరువాత, అది పడుతుందని తేలిన చోట నేల మీద ఒక గ్లాసు పెట్టాలి. అప్పుడు ఉపాధ్యాయుని ఎదుట ఒక్కసారి వదలాలి. గుండు గ్లాసులో టంగుమని పడితే లెక్క నిలిచినట్లు. ప్రక్కన పడితే, ఎందుకు పడినదో వెదకాలి.

ఈ నెల ఈ చిన్న ప్రయోగమును గురించి మీతో మాట్లాడాలని తలంచాను. ఇది సైన్సు చదివే పిల్లల సంగతే కదా, మనకెందుకు అని పుట తిప్పవద్దు. ఇందులో ఇంటిల్లిపాదికీ పనికివచ్చే సంగతి ఒకటి ఉన్నది.

ముందు చెప్పుట, తరువాత చెప్పుట

ఊరిలో బోరు వేస్తారు. నీళ్ళు పడితే, "నేను అప్పుడే అనుకున్నాను" అనేవారు పదిమంది ఉంటారు. పడకపోయినా అదే మాట అనేవారు మరో పదిమంది ఉంటారు. జరిగిన తరువాత చెప్పే మాటకు ఖర్చు లేదు. సోదె చెప్పేవారి మాటలను కూడా కొంచెము గమనించండి. "మేలు జరుగుతుంది, అయితే మధ్యలో చిన్న ఆటంకము కనబడుతున్నది" అంటారు. ఏమి జరిగినా ఆ మాట సరిపోతుంది. సరిపోయేటట్లుగానే దానిని అల్లినారు.

నేల మీద పెట్టిన గ్లాసు సంగతి అలా కాదు. దాని మూతి ఎనిమిది సెంటీమీటర్లు. గోళీ అందులో పడాలి, లేదా పడకూడదు. "దాదాపు అక్కడే పడినది కదా" అని సర్దుకోవడానికి వీలు లేదు. ఇక్కడ పిల్లవాడు తన మాటను తప్పని తేల్చగలిగే అవకాశమును తానే ముందుగా అందరి యెదుట పెడుతున్నాడు. విజ్ఞాన శాస్త్రమునకు బలము వచ్చినది ఈ అలవాటు వలననే.

గుండు చేసే రెండు పనులు

గుండు ఎక్కడ పడుతుందో ముందుగా ఎలా చెప్పగలము? అంచు దాటిన గుండు ఒకేసారి రెండు పనులు చేస్తుంది. బల్ల మీద ఉన్న వేగముతోనే ముందుకు పోతూ ఉంటుంది. అదే సమయములో భూమి ఆకర్షణ వలన క్రిందకు పడుతూ ఉంటుంది. ఈ రెండు పనులు ఒకదానికొకటి అడ్డు రావు.

దీనిని మీ ఇంట్లోనే పరీక్షించవచ్చును. బల్ల అంచున ఒకే రకము రూపాయి నాణెములు రెండు పెట్టండి. ఒకదానిని వేలితో గట్టిగా ముందుకు కొట్టండి, రెండవదానిని అదే క్షణములో అంచునుండి మెల్లగా క్రిందకు తోసివేయండి. కన్నులు మూసుకొని చప్పుడు వినండి. దూరముగా ఎగిరిన నాణెము, నిటారుగా పడిన నాణెము దాదాపు ఒకేసారి నేలను తాకుతాయి. దూరము పోయినదానికి ఎక్కువ సమయము పట్టలేదు.

కదులుతున్న ఎడ్లబండి మీద కూర్చున్న మనిషి చేతిలోని కొబ్బరికాయ జారితే, అది జారినచోటికి సరిగ్గా క్రింద పడదు. బండితోపాటు కొంత ముందుకు పోయి పడుతుంది. బండి ఇచ్చిన ముందునడక, కాయ చేతినుండి జారినంతమాత్రాన పోలేదు.

ఇప్పుడు మనకు సులువుగా కనబడే ఈ సంగతి ఒకప్పుడు పండితులకు కూడా తెలియదు. ఫిరంగి గుండు మొదట తిన్నగా పోతుందని, దాని బలము అయిపోయిన తరువాత నిటారుగా క్రింద పడుతుందని చాలాకాలము తలంచారు. 1537లో ఇటలీ దేశస్థుడు తార్తాగ్లియా ఫిరంగి గుండ్లను గురించి పుస్తకము వ్రాసినప్పుడు కూడా, దాని దారిని ఒక తిన్నని గీత, ఒక వంపు, మరల ఒక తిన్నని గీతగా గీశాడు. నిజానికి ఆ దారి మొదటినుండి చివరివరకు వంపే. దానిని ఇప్పుడు మన పిల్లలు పరావలయము అని చదువుకుంటున్నారు.

కొలతలు తీసే విధము

ఇక ప్రయోగమునకు వద్దాము. బల్ల ఎత్తు 78.4 సెంటీమీటర్లు అనుకుందాము. అంత ఎత్తునుండి ఏ గుండయినా నేలకు రావడానికి సరిగ్గా 0.4 సెకను పడుతుంది. గోళీ అయినా, ఇనుప గుండు అయినా అంతే.

తరువాత గుండు వేగము తెలియాలి. బల్ల మీద ఒక చివర చిన్న వాలు పలక పెట్టి, ఎప్పుడూ ఒకే గుర్తు దగ్గరనుండి గుండును వదలాలి. చేతితో తోయకూడదు, ఊరకనే వదలాలి. తోస్తే ఒక్కోసారి ఒక్కో వేగము వస్తుంది. అది వాలు దిగి, చదునుగా ఉన్న బల్ల మీద అంచువరకు ఒక మీటరు దూరము దొర్లడానికి ఎంతసేపు పట్టినదో చూడాలి. ఇప్పుడు చాలామంది సెల్‌ఫోనులలో స్టాప్‌వాచ్ ఉంటుంది గనుక ఇది కష్టము కాదు.

అయిదుసార్లు చూచినప్పుడు 0.74, 0.86, 0.81, 0.79, 0.80 సెకన్లు వచ్చినవనుకోండి. గుండు ప్రతిసారి దాదాపు ఒకేలాగు దొర్లినది. మారినది మన వేలు. కన్ను చూచి, మనసు గ్రహించి, వేలు నొక్కేసరికి సెకనులో పదవ వంతు అటూ ఇటూ పోతుంది. సగటు తీస్తే 0.80 సెకను. అంటే గుండు వేగము సెకనుకు 1.25 మీటర్లు. క్రిందకు పడే 0.4 సెకనులో అది ముందుకు పోయే దూరము 50 సెంటీమీటర్లు.

తొందరపడి మొదటి కొలత 0.74నే నమ్మిన పిల్లవానికి 54 సెంటీమీటర్లని వస్తుంది. రెండవ కొలత 0.86ను నమ్మినవానికి 46న్నర వస్తుంది. ఎనిమిది సెంటీమీటర్ల మూతి ఉన్న గ్లాసుకు ఇద్దరూ తప్పవచ్చును. ఓపికగా అయిదారుసార్లు కొలిచి సగటు తీసినవాని గోళీ గ్లాసులో పడుతుంది. సగటు తీయడము పుస్తకములోని ఆచారము కాదనీ, అది చేతి తొట్రుపాటును సరిచేసే పని అనీ పిల్లవానికి ఆ రోజు తెలుస్తుంది.

దూరము ఎక్కడనుండి కొలవాలి? బల్ల కాలినుండి కాదు. అంచునుండి ఒక దారానికి చిన్న బరువు కట్టి వ్రేలాడదీయాలి. తాపీమేస్త్రి గోడ కట్టేటప్పుడు పట్టుకునే మట్టపు గుండు వంటిది. అది నేల మీద చూపిన చోటే మన కొలతకు మొదలు. బల్లపలక కాళ్ళకంటె నాలుగు వేళ్ళు ముందుకు వచ్చి ఉంటే, కాలినుండి కొలిచినవాని లెక్క ఆ నాలుగు వేళ్ళూ తప్పుతుంది.

ఇంకొక మెలిక ఉన్నది. మొదటిసారి చేసే పిల్లలు చాలామంది దీని దగ్గరే జారిపోతారు. లెక్క నేలను తాకే చోటుకు కట్టినారు. కాని గోళీ గ్లాసులోకి దిగవలసినది నేల దగ్గర కాదు, గ్లాసు మూతి దగ్గర. గ్లాసు పది సెంటీమీటర్ల ఎత్తు ఉంటే, గోళీ పడవలసిన ఎత్తు 78.4 కాదు, 68.4 మాత్రమే. అందుకు పట్టే సమయము 0.37 సెకను. అప్పటికి అది ముందుకు వచ్చిన దూరము 47 సెంటీమీటర్లకు కొంచెము తక్కువ. గ్లాసు మధ్యభాగమును 50 దగ్గర పెట్టినవాని గోళీ అంచుకు తగిలి బయటకు ఎగిరిపోవచ్చును. సూత్రము తప్పు కాదు, అంకెలు తప్పు కాదు. అడిగిన ప్రశ్న ఏమిటో సరిగ్గా చూడకపోవడము వలన వచ్చిన చిక్కు అది.

తెలివిగల పిల్లవాడు తప్పే చోటు

కొందరు పిల్లలు చురుకుగా ఆలోచిస్తారు. "గడియారము ఎందుకు? వాలు ఎత్తు తెలిస్తే వేగము లెక్క కట్టవచ్చును కదా" అంటారు. ఎత్తునుండి దిగిన వస్తువుకు ఎంత వేగము వస్తుందో వారికి సూత్రము వచ్చును. మన ప్రయోగములో వాలు ఎత్తు సుమారు 11.2 సెంటీమీటర్లు. ఆ సూత్రము ప్రకారము వేగము సెకనుకు 1.48 మీటర్లు, గుండు నేలను తాకే చోటు 59 సెంటీమీటర్లు. లెక్కలో ఒక్క పొరపాటు ఉండదు. గుండు మాత్రము 50 దగ్గరే పడుతుంది. మరల వదిలినా 50 దగ్గరే. పదిసార్లు వదిలినా అంతే.

ఈ తొమ్మిది సెంటీమీటర్లు ఏమైనట్లు? గాలి అడ్డు వలనా? ఇంత చిన్న దూరములో గోళీకి గాలి చేసే అడ్డు లెక్కలోనికి రాదు. రాపిడి వలనా? అది కొంచెమే. అసలు కారణము, గుండు జారలేదు, దొర్లినది. వాలు దిగినప్పుడు దానికి వచ్చిన శక్తి అంతా ముందుకు పోవడానికే ఖర్చు కాలేదు. కొంత భాగము గిరగిర తిరగడానికి పోయినది. గట్టి గుండు దొర్లినప్పుడు ఏడు పాళ్ళలో రెండు పాళ్ళు తిరగడానికి, అయిదు పాళ్ళు ముందుకు పోవడానికి చెల్లుతాయి. ఆ లెక్క వేసి చూస్తే వేగము సరిగ్గా 1.25 వస్తుంది, దూరము 50 సెంటీమీటర్లు వస్తుంది.

ఇక్కడ ఒక భేదమును గమనించాలి. గోళీలు గుర్తుకు చుట్టూ అటూ ఇటూ పడితే, లోపము చేతిలోనో కొలతలోనో ఉన్నది. అన్నీ ఒకేచోట, ఒకే వైపుకు తప్పి పడుతూ ఉంటే, లోపము మన ఆలోచనలో ఉన్నది. ఎక్కువసార్లు కొలిచినంతమాత్రాన ఈ రెండవది పోదు. మనము లెక్కలోనికి తీసుకోని సంగతి ఏదో ఒకటి అక్కడ ఉన్నదని గుండు చెబుతున్నది. గ్లాసును ముందుగా పెట్టినవానికి ఈ మాట వినబడుతుంది. గుండు పడిన తరువాత గ్లాసు పెట్టినవానికి ఎన్నటికీ వినబడదు.

ఒక పాత కాగితము

ఈ ప్రయోగమును నాలుగు వందల సంవత్సరాల క్రిందట చేసిన మనిషి గెలీలియో. 1564లో పుట్టిన ఆయన 1592నుండి 1610వరకు ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయములో గణితము బోధించెను. అక్కడ ఉన్న కాలములోనే, సుమారు 1608లో, ఆయన వ్రాసుకొన్న ఒక కాగితము ఇప్పటికీ ఫ్లోరెన్సు నగరములోని జాతీయ గ్రంథాలయములో భద్రముగా ఉన్నది. దానిలో వివరణ అంటూ ఏమీ లేదు. ఒక బొమ్మ, కొన్ని వంపు గీతలు, కొన్ని అంకెలు. స్టిల్మన్ డ్రేక్ అనే పండితుడు దానిని పరిశీలించి, 1973లో దాని సంగతి ప్రకటించే వరకు లోకము పెద్దగా పట్టించుకొనలేదు.

గెలీలియో తన కొలతలను పుంతో అనే చిన్న కొలమానములో వ్రాసెను. ఒక పుంతో మన మిల్లీమీటరుకంటె కొంచెము తక్కువ. ఆయన బల్ల ఎత్తు 828 పుంతోలు, అంటే సుమారు 78 సెంటీమీటర్లు. మనము పైన చెప్పుకున్న బల్ల వంటిదే. ఆయన దగ్గర స్టాప్‌వాచ్ లేదు, సెకనులు కొలిచే గడియారమే లేదు. అయినా ఆయన ఒక ఉపాయము కనుగొనెను. వాలు మీద 300 పుంతోల ఎత్తునుండి గుండును వదిలితే అది 800 పుంతోల దూరములో పడినది. ఈ ఒక్క కొలతను ఆధారము చేసుకొని, మిగిలిన ఎత్తులనుండి వదిలితే ఎంత దూరములో పడవలెనో నిష్పత్తి ప్రకారము లెక్క కట్టెను.

600 ఎత్తునుండి 1131 దూరములో పడవలెను; పడినది 1172లో; తేడా 41. 800 ఎత్తునుండి 1306లో పడవలెను, పడినది 1328లో, తేడా 22. 828 ఎత్తునుండి 1330లో పడవలెను, పడినది 1340లో, తేడా 10. 1000 ఎత్తునుండి 1460లో పడవలెను, పడినది 1500లో, తేడా 40. కాగితము మీద రావలసినది, వచ్చినది, తేడా, మూడూ ఉన్నవి. అన్నిటికంటె పెద్ద తేడా కూడా నాలుగు సెంటీమీటర్ల లోపే.

నన్ను ఆకట్టుకొన్నది లెక్క దగ్గరగా రావడము ఒక్కటే కాదు. ఆ తేడాలను చూడండి. నాలుగూ ఒకే వైపుకు ఉన్నవి. ప్రతిసారి గుండు అనుకున్నదానికంటె దూరముగానే పడినది. ఆధారముగా తీసుకొన్న ఆ మొదటి 800 కొంచెము తక్కువగా వచ్చి ఉంటే ఇలాగే జరుగుతుంది. దానిని 820గా దిద్దుకొని ఉంటే తేడాలు చాలామట్టుకు తగ్గిపోయి, అటూ ఇటూ సర్దుకొనేవి. ఆ కాగితము ఎవరికీ చూపించడానికి వ్రాసినది కాదు, ఆయన సొంతానికి వ్రాసుకొన్నది. దిద్దితే అడిగేవారు లేరు. అయినా ఆయన దిద్దలేదు. 800ను 800గానే, 41ని 41గానే ఉంచెను.

నిష్పత్తితో లెక్క కట్టుటలో మరొక లాభము కూడా ఆయనకు దక్కినది. దొర్లుటకు పోయే శక్తి సంగతి ఆయన కాలములో ఎవరికీ తెలియదు. అది గణితముగా తేలడానికి ఇంకా నూరేండ్లకు పైగా పట్టినది. కాని ప్రతిసారి అదే గుండు, అదే వాలు గనుక, తిరగడానికి పోయిన పాలు అన్నిటిలోనూ ఒకే వంతున ఉండి నిష్పత్తిలో కొట్టివేయబడినది.

ఆయన జీవితములోని తరువాతి సంగతులు మీలో చాలామందికి తెలుసు. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందన్న మాటను సమర్థించినందుకు 1633లో రోములోని మత విచారణ సభ ఆయనకు శిక్ష విధించినది. మిగిలిన జీవితమంతా ఇంటి నిర్బంధములోనే గడిపెను. ఇటలీలో ఆయన పుస్తకములు అచ్చు వేయకూడదన్న ఆజ్ఞ ఉండుటచేత, గుండ్ల కదలికను గురించిన గొప్ప గ్రంథము 1638లో హాలెండు దేశములోని లెయిడెన్‌లో అచ్చయినది. అప్పటికి ఆయన చూపు పోయినది. 1642లో మరణించెను. ఆ విచారణలో పొరపాటు జరిగినదని 1992లో పోపు జాన్ పాల్ 2 బహిరంగముగా ఒప్పుకొన్నారు.

మన పిల్లల రికార్డు పుస్తకము

ఇప్పుడు మన ఇంటికి వద్దాము. ప్రాక్టికల్ పరీక్షలకు రికార్డు పుస్తకము వ్రాయడము ఎలా జరుగుతుందో చాలా ఇండ్లలో తెలిసిన సంగతే. అక్క రికార్డు చూచి తమ్ముడు వ్రాస్తాడు. నిరుటి పిల్లల రీడింగులు ఈ సంవత్సరము పిల్లలకు వస్తాయి. కొన్నిచోట్ల పరికరములు లేవు, ఉన్నా బీరువాలో తాళము వేసి ఉంటాయి. చివరకు రావలసిన జవాబు ఏమిటో ముందే తెలుసుకొని, దానికి సరిపోయే అంకెలను వెనుకనుండి కల్పించి వ్రాస్తారు. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. తల్లిదండ్రులము మనము కూడా "ఎలాగో ఒకలాగు పూర్తిచెయ్యి నాయనా" అని ప్రక్కన కూర్చొని లైటు వేస్తాము.

ఇది చిన్న విషయమని అనుకోవద్దు. అనుకున్న జవాబు కోసము అంకెలు కల్పించడము పదహారేండ్ల వయస్సులో అలవాటైతే అది రికార్డు పుస్తకముతో ఆగదు. ఆ పిల్లవాడే రేపు పాల కేంద్రములో వెన్న శాతము వ్రాసే ఉద్యోగి కావచ్చును. మీరు తెల్లవారుజామున పితికి తెచ్చిన పాలకు, పరీక్ష చేయకుండానే నిన్నటి అంకె వేస్తే నష్టము ఎవరిది? ఆ పిల్లయే రేపు ఆస్పత్రిలో నర్సు కావచ్చును. జ్వరముతో ఉన్న బిడ్డకు థర్మామీటరు పెట్టకుండా చార్టులో 99 అని వ్రాస్తే, ఆ అంకెను చూచి డాక్టరు మందు మార్చకపోతే? మన ఊరి వాగు మీద వంతెన కట్టేవాడు కాంక్రీటు దిమ్మలను పగులగొట్టి చూడకుండానే "సరిపోయినది" అని సంతకము పెడితే, మొదటి వరదకు ఆ వంతెన మీద ఎవరు ఉంటారో ఎవరు చెప్పగలరు?

ఉపాధ్యాయులను నిందించడము నా ఉద్దేశము కాదు. ఒక్కొక్క తరగతిలో ఎంతమంది పిల్లలు, వారి చేతిలో ఎన్ని పరికరములు అన్నది మనకు తెలుసు. అయినా ఈ ప్రయోగమునకు ప్రయోగశాల అక్కరలేదు. ఒక గోళీ, ఒక బల్ల, టైలరు టేపు, గ్లాసు, పుస్తకములోని తెల్ల కాగితము చాలును.

ఎక్కడ పడునో ముందు తెలియుట

పడేచోటు ముందుగా తెలియడము బ్రతుకుకు సంబంధించిన సంగతి కూడా. శ్రీహరికోటనుండి రాకెట్టు పంపేముందు, దాని ఖాళీ భాగములు సముద్రములో ఏ ప్రాంతమున పడతాయో లెక్క కట్టి, అటువైపు పడవలు, ఓడలు పోవద్దని హెచ్చరిక చేస్తారు. గాలి, భూమి భ్రమణము, మరెన్నో సంగతులు ఆ లెక్కలో చేరుతాయి. అయినా మూలము మన గోళీ లెక్కే. ముందుకు పోతూ క్రిందకు పడే వస్తువు ఎక్కడ దిగుతుంది?

తుఫాను గోళీ వంటిది కాదు, దాని లెక్క ఎన్నో రెట్లు కష్టము. కాని అక్కడ కూడా అడిగే ప్రశ్న అదే. ఎక్కడ తీరము దాటుతుంది? 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలమంది చనిపోయినారు. ఎక్కడికి, ఎంత ఎత్తున నీరు వస్తుందో చెప్పి, ప్రతి ఊరికీ సమయానికి కబురు అందించే ఏర్పాటు అప్పుడు చాలలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నము దగ్గర తీరము దాటినప్పుడు, దాని దారిని ముందుగానే చెప్పినారు. తీరగ్రామాల ప్రజలను ముందుగానే తరలించినారు. ఆస్తి నష్టము భారీగా జరిగినది గాని, ఎన్నో ప్రాణములు దక్కినవి. ముందుగా చెప్పి, జరిగినదానితో పోల్చి, తేడా వ్రాసుకొని, మరల సరిచేసుకొనే పనిని సంవత్సరాల తరబడి చేసినవారి వలన ఆ మేలు కలిగినది.

మీ ఇంట్లో చేసి చూడండి

ఆదివారము సాయంకాలము పిల్లలను కూర్చోబెట్టుకొని ఇది చేయించండి. వెదురు బొంగునో, ప్లాస్టిక్ గొట్టమునో నిలువుగా చీల్చితే మంచి దోనె వస్తుంది. దానిని బల్ల మీద వాలుగా పెట్టి, క్రింది చివర బల్లతో సమముగా కలిసేటట్లు అట్టముక్క అతికించండి. గోళీ ఎగిరి పడకుండా నెమ్మదిగా బల్ల మీదికి దిగాలి. దోనె జరగకుండా ఇటుకలతో ఒత్తు పెట్టండి. అంచునుండి దారము వ్రేలాడదీసి నేల మీద గుర్తు పెట్టండి. నేల మీద వెడల్పు పళ్ళెములో తడి ఇసుక పరిస్తే గోళీ పడిన గుంట స్పష్టముగా కనబడుతుంది. ఇసుక పలుచగా పరచండి, లేనిచో దాని ఎత్తు కూడా లెక్కలోనికి వస్తుంది.

గడియారము అవసరము లేదు. గెలీలియో చేసినట్లే చేయండి. మొదట బల్లపైనుండి 5 సెంటీమీటర్ల ఎత్తున గోళీని వదలండి. అయిదుసార్లు వదిలి, అది పడిన దూరముల సగటు తీయండి. అది 30 సెంటీమీటర్లు వచ్చినదనుకోండి. ఇప్పుడు పిల్లవానిని అడగండి: "బాబూ, 20 సెంటీమీటర్ల ఎత్తునుండి వదిలితే ఎక్కడ పడుతుంది?" ఎత్తు నాలుగు రెట్లయినది గనుక దూరము కూడా నాలుగు రెట్లని చాలామంది పిల్లలు, పెద్దలు కూడా, 120 అంటారు. ఎత్తు నాలుగు రెట్లయితే వేగము రెండు రెట్లే పెరుగుతుంది. గనుక 60 దగ్గర పడవలెను. తొమ్మిది రెట్ల ఎత్తయితే మూడు రెట్ల దూరము.

జవాబు మీరు చెప్పవద్దు. అందరూ తమ తమ అంకెను పలక మీదనో, కాగితము మీదనో ముందు వ్రాయాలి, పేరు పెట్టాలి. అమ్మ కూడా వ్రాయాలి, తాతయ్య కూడా వ్రాయాలి. వ్రాసిన తరువాత దిద్దకూడదు. అప్పుడు గోళీని వదలండి.

ఎక్కడ పడినదో టేపుతో కొలిచి ఆ అంకెను ప్రక్కనే వ్రాయించండి. మూడవ గడిలో తేడా వ్రాయించండి. 60 రావలసినచోట 57 వస్తే 57 అనే వ్రాయాలి. దోనె అంచులకు గోళీ రాచుకొన్నదా, బల్ల ఒకవైపు వాలినదా, అట్టముక్క దగ్గర గోళీ తట్టుకొన్నదా అని కలిసి వెదకండి. కారణము దొరికితే సరిచేసి మరల చేయండి. దొరకకపోతే ఆ తేడాను అలాగే ఉంచండి. తప్పిన అంకె వ్రాసినందుకు పిల్లవానిని గద్దించవద్దు, నవ్వవద్దు. సరిపోయిన అంకె వ్రాసినందుకంటె, చూచినది చూచినట్లు వ్రాసినందుకు మెచ్చుకోండి. ఆ మెప్పు ఇంట్లో దొరికిన పిల్లవానికి రికార్డు పుస్తకములో అంకెలు కల్పించాలనే కోరిక చాలావరకు తగ్గుతుంది.

ఆ కాగితమును పారవేయక, తేదీ వేసి పిల్లవాని పుస్తకములో అతికించండి. వచ్చే సంవత్సరము వానికి ఇంకొంచెము లెక్కలు వచ్చినప్పుడు ఆ మూడవ గడిని తెరిచి, ఆ మూడు సెంటీమీటర్లు ఎక్కడికి పోయినవో మరల వెదకవచ్చును.